చెఱకు గానుగ యేల యదరును?

చెఱకు గానుగలాడు దినములు దగ్గఱకు వచ్చుచున్నవి. ఈ దినములలో మన సంఘసభ్యులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. గానుగ నడచునపుడు కాళ్లక్రింద నేల యదరుచున్నది, బిగించిన బోల్టులు వారము తిరుగకుండ సడలుచున్నవి, దీనికి మార్గమేమి? అని. ప్రశ్నతోపాటు జవాబును వారే చెప్పుదురు. ఒకరు పునాది చాలదందురు. ఒకరు మోటారుది తప్పందురు. మఱియొకరు గానుగ పాతబడినది, క్రొత్తది కొనుటకు సంఘము ఋణమీయవలెనందురు. పునాదియు మోటారును ఎన్నడును తప్పు చేయవని మేమనము. కాని మేము విప్పించి చూచిన గానుగలలో పెక్కింటి యదురునకు మూలము వేఱొకచోట, గ్రీజుతోను పిప్పితోను కప్పబడి యెవ్వరి కన్నును పడనిచోట నుండెను. అది పండ్లచక్రముల పన్ను రూపము. క్రొత్త గానుగకై ఋణపత్రము వ్రాయుటకు ముందు సభ్యులు దీనిని తెలిసికొందురు గాక యని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గానుగలో పండ్లచక్రములెక్కడ నున్నవో మొదట చూతము. మోటారుతో నడచు మూడు రోలర్ల గానుగలో మోటారు బెల్టుమూలమున పెద్ద కప్పీని త్రిప్పును. ఆ కప్పీ యిరుసుమీదనున్న చిన్న పండ్లచక్రము ఒక పెద్ద పండ్లచక్రమును త్రిప్పి వేగమును తగ్గించును. కొన్నింటిలో నిట్టి జతలు రెండుండును. తగ్గిన వేగము పై రోలరునకు చేరగా, దాని కొననున్న చక్రము క్రింది రోలర్ల చక్రములు రెండింటిని త్రిప్పును. ఎడ్లతో త్రిప్పు నిలువు గానుగలో మొదటి జతలు లేవు. ఎడ్లు లాగు దూలము నడిమి రోలరుకే తగిలింపబడును. రోలర్ల తలలమీది చక్రములు మాత్రమే యుండును. (ఇనుప రోలర్ల గానుగ మన దేశపు పల్లెలలో ప్రసిద్ధికెక్కినది 1870 దశకమున. బీహారులోని బిహియా యను చోట థామ్సన్, మిల్ని యను నిరువురు దొరలు దానిని చేయించి రైతులకిచ్చిరి. అంతకుముందు మనవారివి ఱాతి గానుగలును కొయ్య గానుగలును.)

ఒక చక్రము మఱియొకదానిని త్రిప్పుటలో విశేషమేమున్నది, పన్ను పన్నును తోయును, అంతియే గదా యని తోచును. విశేషము ఇచ్చట నున్నది. చిన్న చక్రము సమవేగముతో తిరుగుచున్నపుడు పెద్ద చక్రమును సమవేగముతోనే తిరుగవలెను. ఒక పన్ను తోయుట మొదలిడినది మొదలు విడుచువఱకు, ఆ కొంచెపు దూరములో గూడ, వేగము హెచ్చరాదు, తగ్గరాదు. పన్ను రూపము సరిగా లేనిచో పెద్ద చక్రము ప్రతి పంటికిని ఒకసారి ముందునకు తూలి యొకసారి వెనుకబడును. కంటికది కనబడదు. కాని రోలరు బరువైనది. బరువైన వస్తువు క్షణములో వేగము మార్చుకొననొల్లదు. మార్చుకొనుమని పన్ను బలవంతపెట్టినపుడు ఆ బలము పంటినుండి ఇరుసునకు, ఇరుసునుండి బేరింగునకు, బేరింగునుండి చట్రమునకు, చట్రమునుండి బోల్టులకును పునాదికిని ప్రాకును. మీరు కాళ్లక్రింద నెఱుగు అదురు ఇదియే.

ఎన్నిసారులు? ఉదాహరణమునకు చిన్న చక్రమునకు 16 పండ్లుండి, నిమిషమునకు 150 సారులు తిరుగుచున్నదనుకొనుడు. 16ను 150చే హెచ్చవేయగా 2,400. అనగా నిమిషమునకు 2,400 తాకుడులు, క్షణమునకు 40. ఇన్ని తాకుడులను చెవి వేఱువేఱుగా వినజాలదు. అవి కలిసి యొక గుఱ్ఱుమను ధ్వనియగును. ఎడ్ల గానుగలో నయితే లెక్క తేలిక. ఎడ్లు నిమిషమునకు రెండు చుట్లు తిరుగును, రోలరు చక్రమునకు 15 పండ్లున్నవనుకొన్నచో తాకుడులు 30. అరిగిన పండ్ల గానుగకు కట్టిన యెద్దు మెడమీద కాడి నిమిషమునకు ముప్పదిసారులు కుదుపుచుండుటను చేయిపెట్టి చూడవచ్చును. మెడపుండునకు కాడినే నిందించినవారెందఱో!

ఇక సరియైన రూపమేది? దీనికి మన పొందూరు రాట్నమునే సాక్ష్యముగా పిలుతము. రాట్నములో పెద్ద చక్రమునుండి కదురునకు త్రాడు కలదు, పండ్లు లేవు. త్రాడు ఒకదానినుండి విడివడినంత కొలది రెండవదానికి చుట్టుకొనును గావున వేగముల నిష్పత్తి యెన్నడును మాఱదు. అందుచేతనే కదురు వణకక సన్నని నూలునకు ఓర్చుకొనును. కాని గానుగకు త్రాడు పనికిరాదు, చెఱకు పడగానే జాఱిపోవును. జాఱని పండ్లుండవలెను, త్రాటికుండు సమత్వమును ఉండవలెను. ఈ రెండును ఒకచోట కుదురునా?

కుదురును. రెండు చక్రములకు త్రాటిని అడ్డముగా, అనగా నడుమ నొకదానినొకటి దాటునట్లు తగిలింపుడు. అపుడు చక్రములు ఎదురెదురుగా తిరుగును, పండ్లచక్రములు తిరుగునట్లే. చక్రముల నడుమ బిగువుగా నున్న త్రాటిమీద సిరాతో నొక చుక్క పెట్టుడు. చుక్క మొదటి చక్రమును విడిచి రెండవదానివైపు పోవుచుండగా, మొదటి చక్రమునకు అంటించిన అట్టమీద నొక వంపుగీత గీయును. రెండవ చక్రపు అట్టమీద మఱియొక వంపుగీత గీయును. ఆ గీతల వెంబడి పండ్లు కోసి, త్రాటిని తీసిపాఱవేయుడు. పండ్లు త్రాడు చేసిన పనినే చేయును. తాకుచోటు ఆ కనబడని త్రాటివెంబడియే జరుగుచు పోవును.

ఆ వంపుగీతను మీరు ప్రతిదినమును చూచుచున్నారు. లావైన రాటకు పలుపుతో కట్టిన ఎద్దు, పలుపు బిగువుగా నుంచుకొని రాటచుట్టు తిరుగుచున్నపుడు పలుపు రాటకు చుట్టుకొని పొట్టిదగుచుండును. ఎద్దు అడుగుల జాడ గుండ్రము కాదు, లోనికి ముడుచుకొనుచు వచ్చు నొక వంపు. అదియే యది. దీనిని ఇన్వొల్యూటు వంపు అందురు. దీని స్వభావమును 1673లో హాలండు దేశస్థుడైన హైగెన్సు గడియారములను గూర్చిన గ్రంథములో వివరించెను. చక్రపు పండ్లకు ఇది తగిన రూపమని 18వ శతాబ్దపు నడుమ ఆయిలరు అను గణితజ్ఞుడు చూపెను. నేడు ట్రాక్టరులోను, ధాన్యపు మరలోను, లోకములో తిరుగు యంత్రములలో నత్యధికభాగములోను పండ్లు ఈ రూపమువే. మా తెలివికి తోచినంతవఱకు, ఎద్దుజాడనుండి యింత పని పుట్టినదనుట వింతయే.

ఈ వంపునకు మఱియొక గుణము కలదు. గానుగ రైతునకు ముఖ్యమైనది అదియే. రెండు చక్రములు కొంచెము దూరమైనను దగ్గఱయైనను వేగముల నిష్పత్తి చెడదు. త్రాటి లెక్కతోనే చూడుడు, రాట్నపు కదురును అంగుళము దూరముగా జరిపినను అది తిరుగు వేగము మాఱదు. గానుగలో రోలర్లు చెఱకు లావునుబట్టి బేరింగుల సందులో కొంచెము కదలుచునే యుండును. మఱలు బిగించినపుడు దగ్గఱకు వచ్చును. వేఱు రూపపు పండ్లయినచో ఇట్టి ప్రతి మార్పునకును అదురవలసినదే. అయినను దీనికి హద్దు కలదు. మిక్కిలి దూరమైనచో పండ్ల కొనలు మాత్రమే తాకును. ఆమదాలవలసలోని సహకార చక్కెర కర్మాగారము మూతపడి చాల యేండ్లయినది గాని, అది నడచిన దినములలో లోనికి పోయి చూచిన సభ్యులకు, రోలర్ల చక్రముల పండ్లు తక్కిన చక్రముల పండ్లకంటె పొడవుగా నుండుట జ్ఞాపకముండవచ్చును. రోలర్లు ఎడమైనను పట్టు తప్పకుండుటకే యట్లు చేయుదురు.

పట్టు తప్పకుండుట యనగా నేమో చెప్పవలెను. పల్లకి మోయు బోయీలు భుజము మార్చుకొనునపుడు క్రొత్తవాడు భుజమానిన తరువాతగాని పాతవాడు తప్పుకొనడు. నడుమ క్షణకాలమైన నెవ్వడును లేకున్న లోపలివాని గతి తెలిసినదే. పండ్లలోను అంతే. ఒక జత విడుచుటకు ముందే తరువాతి జత పట్టుకొనవలెను. మంచి చక్రములలో నెల్లప్పుడు ఒక జతయు, కొంతసేపు రెండు జతలును పట్టియుండును. పండ్లు కొనలయం దరిగి పొట్టివైనపుడు ఈ అప్పగింత చెడి, బరువు ఒక్కసారిగా వచ్చి క్రొత్త పంటిమీద పడును.

అరుగుట యైనను సమముగా జరుగదు. పంటి నడిమి యెత్తున పండ్లు ఒకదానిపై నొకటి దొరలును. పైభాగమునను అడుగుభాగమునను రాపిడి యెక్కువ. కావున పైనను క్రిందను తఱిగిపోయి నడుమ బొడిపె మిగులును. ఎద్దుజాడ వంపు పోయి మిట్టపల్లములైనట్లు. దానికితోడు మన గానుగల చక్రములు మూత లేక యుండును. చెఱకుతో వచ్చిన యిసుకయు, పుల్లనైన రసమును వానిమీద పడి గ్రీజును కడిగివేసి ఆకురాయివలె పనిచేయును. చక్రములమీది రేకు మూతను విప్పి మూలబెట్టినవారు దానిని తిరిగి బిగింపవలెను. అది చక్రములకు మాత్రమే గాదు, చెఱకు అందించువారి చేతివ్రేళ్లకును రక్షణ.

కొంతకాలము క్రిందట నొక గ్రామమున మేము చూచినదానిని చెప్పుదుము. చిన్న చక్రపు పన్ను విఱిగినది. రైతు ఆ అరిగిన చక్రమునే అచ్చుగా నిచ్చి ఒక పోతపనివానిచే క్రొత్తది పోయించెను. ఖరీదు చౌక. బిగించి నడపగా మునుపటికంటె రెండింతలు అదరెను. కారణములు రెండు. మొదటిది, అరిగిన రూపమే క్రొత్త యినుములో తిరిగి పుట్టినది. రెండవది, పోతయినుము చల్లారునపుడు నూటికి సుమారు 1 వంతు కుదించుకొనును. 300 మిల్లీమీటర్ల చక్రము 3 మిల్లీమీటర్లు చిన్నదగును. పండ్ల యెడము 30 మిల్లీమీటర్లున్నచో ప్రతి పంటికి 0.3 మిల్లీమీటరు తక్కువ. నాలుగు తలవెండ్రుకల మందమంత. పెద్ద చక్రపు పండ్ల యెడము పూర్వపుదే గదా! ప్రతి పన్నును తన వేళకు రాక ఎదుటి పంటి మూలకు కొట్టుకొనెను. తెలిసిన పనివాడు అచ్చును ఈ కుదింపునకు తగినంత పెద్దదిగా చేయును. పాత వస్తువునే అచ్చుగా వాడడు. ఆ రైతు ఆ యేడు రెండుసారులు బేరింగులు మార్చెను. బేరింగుల వెలయు, నరికిన చెఱకు ఎండిన నష్టమును కలుపగా, యంత్రముతో కోసిన చక్రముల జతకు సరిపోయెడిది.

అరిగిన పన్నును వెల్డింగుతో నింపి ఆకురాయితో దిద్దుట మఱియొక వాడుక. విఱిగిన పంటికి ఒక దినపు అవసరముగా నది తీరునేమో గాని రూపము కంటితో కుదురదు. "కొనలు దిద్దిన మంచిదని విన్నాము" అని యొక సభ్యుడనెను. అది పూర్తిగా అబద్ధము గాదు. బరువు పడినపుడు పన్ను కొంచెము వంగును. అందుచేత వెనుకటి పన్ను కొంచెము ముందుగా వచ్చి మూలతో తాకును. దీనికై కొనయొద్ద మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్కను కొంచెము తఱుగవలెనని వాకరు అను ఇంజనీరు 1938లో లెక్కలతో చూపెను. యంత్రపు అదురునకును మ్రోతకును మూలము చక్రములు చేయు నీ తిరుగుటలోని స్వల్పపు తప్పేయని 1958లో హారిసు అను మఱియొకరు ప్రయోగములతో స్థాపించిరి. ఇవి కార్ఖానాలో కొలతయంత్రముల సహాయమున చేయు పనులు. ఆకురాయి చేత బట్టుకొని నూరవ వంతు తీసెదనని యెవరైన ననినచో నమ్మకుడు.

ఏటవాలు పండ్ల మాట యొకటి. ట్రాక్టరు గేరుపెట్టెలలో పెక్కింటియందు పండ్లు ఇరుసునకు ఏటవాలుగా కోయబడియుండును. అట్టి పన్ను ఒక్కసారిగా గాక ఒక కొననుండి క్రమముగా తాకును గావున మ్రోతయు అదురును తక్కువ. కాని ఇరుసును ప్రక్కకు నెట్టును. ఆ నెట్టు లేకుండ రెండు ఏటవాళ్లను ఎదురెదురుగా కలిపి కోయుట కూడ కలదు. ఫ్రాన్సు దేశపు సిట్రోయెను మోటారుకార్ల గుర్తులోని రెండు గోపురపు గీతలు అట్టి పండ్లే, ఆయన కార్లకు ముందు చేసిన వ్యాపారము ఆ చక్రములదే. మన గానుగకు తిన్నని పండ్లు చాలును. చౌకయు, తిరిగి దొరకుటయు ముఖ్యము.

ఇపుడు పరీక్ష. మొదట కరెంటు ఆపి ఫ్యూజు తీసి జేబులో వేసికొనుడు. చక్రముల జతను విడదీసి మోటారును కప్పీని మాత్రము నడపి చూడుడు. అపుడును అదరినచో తప్పు పండ్లది కాదు, పునాదిని మోటారును చూడవలసినదే. అదురు పోయినచో మరల ఫ్యూజు తీసి, జతను కూర్చి, బెల్టు విప్పి, పండ్లను కిరసనాయిలుతో కడుగుడు. నూనెలో కలిపిన సిందూరమును చిన్న చక్రపు పండ్లకు పలుచగా పూసి చేతితో మెల్లగా త్రిప్పుడు. పెద్ద చక్రపు పండ్లమీద ముద్ర నడిమి యెత్తున, వెడల్పు పొడుగున పడినచో మేలు. ఒక ప్రక్కకొననే పడినచో ఇరుసులు సమాంతరముగా లేవు. బేరింగు దిమ్మలను సరిచేసిన చాలును, చక్రములు కొననక్కఱలేదు. పండ్ల కొనలమీదనే గీతగా పడినచో రూపమో యెడమో చెడినది. మఱియొక సులభమార్గము కలదు. తఱచుగా జతలో నొక చక్రము రెండవదానికంటె వెడల్పుగా నుండి, ప్రక్కకు మిగిలిన అంచు అరుగక యుండును. అక్కడి పంటి రూపమును అట్టముక్కకు కత్తిరించి నడుమనున్న రూపముతో పోల్చినచో ఎంత అరిగినదో చిన్నపిల్లలకైనను తెలియును.

ధ్వనియు కొంత చెప్పును. విడువని గుఱ్ఱు అన్ని పండ్లదోషము. చుట్టునకొకసారి టక్కుమన్నచో ఒకే పన్ను విఱిగినదో, చక్రము ఇరుసుమీద నడుమకు లేదో.

క్రొత్తవి కొననపుడు జతగానే కొనవలెను. అరిగినదానితో క్రొత్తదానిని కలిపినచో క్రొత్తది త్వరలో పాతదాని రూపమునకే వచ్చును. పంటి కొలతను గుర్తించుట యిట్లు: చక్రపు వెలుపలి వ్యాసమును మిల్లీమీటర్లలో కొలిచి, పండ్ల లెక్కకు 2 కలిపి భాగింపుడు. 16 పండ్లకు 180 మిల్లీమీటర్లున్నచో 180ని 18చే భాగింపగా 10. దీనిని మాడ్యూలు అందురు. ఇది సామాన్యపు పండ్లకు చెల్లును, పొడవు పండ్ల రోలరు చక్రములకు చెల్లదు. మాడ్యూలు కలిసినంతమాత్రమున చాలదు. పండ్ల ఒత్తిడికోణము పూర్వపు చక్రములలో 14½ డిగ్రీలు, నేటివానిలో 20 డిగ్రీలు. ఒకదానితో నొకటి కలియవు, చూపునకు కలిసినట్లే యుండును. దుకాణములో ఈ మాట తప్పక అడుగవలెను. 20 డిగ్రీలదానిలోనైనను 17 కంటె తక్కువ పండ్లున్న చిన్న చక్రమునకు పన్ను మొదలు కొంత కోతపడి సన్నమగును. చోటున్నచో పండ్లు హెచ్చుగా నున్నదానినే కోరుడు. పాత మరలవారి నేర్పు మఱియొకటి: 15 పండ్లకు 60 గాక 61 పండ్ల చక్రమును కూర్చెడివారు. 60 అయినచో ప్రతి పన్నును ఎల్లకాలము ఆ నాలుగు పండ్లతోనే తాకును. 61 అయినచో అన్నింటితోను వంతుగా తాకి అరుగుడు సమముగా పంచుకొనబడును.

అదురు సహించి ఈ యేడు గడుపుదమనువారికి ఒక లెక్క. మఱలు సడలి రోలర్ల సందు పెరిగినచో పిప్పి తడిగా వచ్చును. టన్ను చెఱకులో నూటికి 1 పాలు రసము తగ్గినను 10 కిలోలు, అనగా సుమారు 1¾ కిలోల బెల్లము. ఎకరమునకు 30 టన్నులు పండినచో అర క్వింటాలు దాటును. నడుమ గానుగ నిలిచినచో నరికిన చెఱకులోని తీపి ఒక దినము దాటినది మొదలు తఱుగసాగును. అట్టి రసము బెల్లము గట్టిగా కట్టదు.

కొలుచుటలో సందేహమున్నవారు ఊరి చదువుకొన్న పిల్లల సహాయము పొందవచ్చును. శ్రీకాకుళమునకై 2016లో నేర్పడి ఎచ్చెర్లలో నెలకొనియున్న ట్రిపుల్ ఐటీలో ఇంజనీరింగు చదువువారు మన చుట్టుప్రక్కలనే యున్నారు. పండ్ల లెక్క, వెలుపలి వ్యాసము, వెడల్పు, ఇరుసు రంధ్రము, తాళపుగాడి కొలత, రెండిరుసుల నడిమి దూరము, ఈ యాఱును కాగితముమీద వ్రాసి, అట్టముక్క అచ్చుతోకూడ సంక్రాంతికి నెలదినములు ముందుగా సంఘ కార్యాలయమున నీయవలెను. ఒకే కొలత చక్రములు గలవారు పలువురున్నచో కలిపి వ్రాయుటకు వీలగును.